కిటికీ పక్క కుర్చీ

రోగం నటించడం ఎవరికైనా చేతనవుతుందేమో గానీ, ముప్పై నాలుగేళ్ళు నర్సుగా చేసిన మనిషికి మాత్రం గండమే. నటించేవాళ్ళు ఎక్కడెక్కడ దొరికిపోతారో ఆవిడకు ముందే తెలుసు కాబట్టి, అక్కడల్లా భయపడుతుంది. సిస్టరమ్మ ఆ రోజు ఏడింటికే లేచి, రెండు రొట్టెముక్కలు తిని, పళ్ళెం కడిగి బోర్లించి, తల దువ్వుకోవడం మాత్రం మానేసింది. మంచం పక్క బల్ల మీద మాత్రల అట్ట, నీళ్ళగ్లాసు, బీపీ చూసే మిషను పేర్చుకుంది. కిటికీ తెర సగం లాగింది. మెడదాకా దుప్పటి కప్పుకుని పడుకుంది. గుండె దడదడ కొట్టుకుంటోంది. ఆ దడ ఒక్కటే నిజం.

పదకొండింటికి మున్సిపల్ కౌన్సిల్ సమావేశం. ముందున్న తీర్మానం ఒక్కటే. పాత కాన్పుల ఆసుపత్రిని పడగొట్టి, ఆ స్థలంలో మూడంతస్తుల దుకాణాల సముదాయం కట్టాలి. అధికార పక్షానికి పద్నాలుగు మంది, ప్రతిపక్షానికి పదమూడు మంది. సిస్టరమ్మ ఆ పద్నాలుగులో ఒకతి. ఆవిడ వెళ్ళకపోతే పదమూడూ పదమూడూ. సరిసమానమైతే తీర్మానం వీగిపోయినట్టేనని నిబంధనల పుస్తకంలో ఉంది. అంటే ఆసుపత్రి నిలబడుతుంది, సొంత పార్టీకి ఎదురుగా చెయ్యెత్తిన నింద ఆవిడ మీదికి రాదు. పాము చావకూడదు, కర్ర విరగకూడదు అన్నారే, సరిగ్గా ఆ పని.

చెయ్యెత్తి కాదనవచ్చు కదా, అంటారా? అనడం తేలిక. ఆవిడ భర్త ఆ పార్టీకి పాతికేళ్ళు గోడల మీద అక్షరాలు రాశాడు. ఆయన పోయిన రోజు ఆయన మీద కప్పింది ఆ పార్టీ జెండానే. ఆ జెండాకు ఎదురుగా చెయ్యి ఎలా లేస్తుంది అని ఆవిడ తనకు తాను చెప్పుకుంది. అది సగం నిజం. మిగతా సగం కుర్చీ. ఉద్యోగం నుంచి దిగిపోయాక ఇంట్లో గడియారం చప్పుడు వింటూ కూర్చున్న మనిషిని పార్టీ పిలిచి కౌన్సిలర్ని చేసింది. పొద్దున్నే గుమ్మంలో పదిమంది నిలబడి "సిస్టరమ్మా, మా వీధిలో లైటు వెలగట్లేదు" అంటుంటే కలిగే ఆ గొప్ప ఆవిడకు అలవాటైపోయింది. అలవాటైన గొప్పను వదులుకోవడం కంటే తాను ముప్పై నాలుగేళ్ళు పనిచేసిన ఆసుపత్రిని దొడ్డిదారిన కాపాడటం సులువనిపించింది.

కాపాడాల్సిన ఆసుపత్రే మరి. ఆకుపచ్చ గోడలు, నాలుగు ప్రసవం మంచాలు, పైకప్పు కారే చోట ఎప్పుడూ ఒక బకెట్టు. అది పోతే తర్వాతి ఆసుపత్రికి బస్సులో నలభై నిమిషాలు. నొప్పులు బస్సు కోసం ఆగవు. ఈ సంగతి ఆ ఇరవై ఏడు మందిలో ఆవిడకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

తీర్మానం పెట్టినవాడు బుడ్డోడు. ఇప్పుడు ఆరడుగుల మనిషి, పేరున్న బిల్డరు, పార్టీలో పెత్తనమంతా అతనిదే. నెలలు నిండకుండా ఆ ఆసుపత్రిలోనే పుట్టాడు. పదకొండు రోజులు వేడినీళ్ళ సీసాల మధ్య పెట్టి బతికించి, ఆ పేరు పెట్టింది సిస్టరమ్మే. ఎదురుగా "అన్నా" అనేవాళ్ళు కూడా చాటున ఆ పేరే అంటారు. అది అతనికి తెలుసు, పెట్టింది ఎవరో కూడా తెలుసు. నాలుగేళ్ళుగా సిస్టరమ్మ వార్డు తన భార్యకు ఇప్పించుకోవాలని చూస్తున్నాడు. పైకి మాత్రం అత్తా అత్తా అంటూ తిరుగుతాడు. శత్రువు అవతలి బెంచీలో ఉంటాడనుకోవడం కౌన్సిల్‌కు కొత్తగా వచ్చినవాళ్ళ అమాయకత్వం. అవతలి బెంచీలో ఉండేది పోటీదారు. శత్రువు ఎప్పుడూ పక్క కుర్చీలోనే కూర్చుంటాడు.

సిస్టరమ్మకు స్నేహితురాలు ఉన్నది అవతలి బెంచీలోనే. ఆవిడ టైలరు. బజారు మలుపులో ఒకే ఒక గది, రెండు మిషన్లు. స్కూలు యూనిఫారాలు, దిండు గలీబులు, ఒకప్పుడు ఆసుపత్రి దుప్పట్లు కూడా ఆవిడే కుట్టేది. నోటి పదునుకు ఊరంతా కత్తెరమ్మ అంటారు. కౌన్సిల్లో ఆవిడ లేచిందంటే అధికార పక్షం వాళ్ళు నీళ్ళు తాగి కూర్చుంటారు. ఒకసారి సిస్టరమ్మను కూడా వదల్లేదు. "అధ్యక్షా, గౌరవ సభ్యురాలు సూదిమందు ఇచ్చినంత తేలిగ్గా పన్నులు వేస్తున్నారు" అంది. ఆ సాయంత్రమే ఇద్దరూ మిషను పక్కన కూర్చుని టీ తాగారు. "నీ నోట్లో బొత్తాలు కుట్టెయ్య!" అని సిస్టరమ్మ తిడితే, "కుట్టు వదినా, దారం నేనే ఇస్తా" అని కత్తెరమ్మ పడీపడీ నవ్వింది.

వదినా అంటే వదినా అనుకోవడమే గానీ ఇద్దరికీ చుట్టరికం లేదు. కత్తెరమ్మ కొడుకులిద్దరినీ పుట్టించింది సిస్టరమ్మ. రెండోవాడు నీలంగా, ఏడవకుండా వస్తే, నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదింది. ఆ తర్వాత ఇద్దరూ వేర్వేరు పార్టీల్లో నిలబడి గెలిచి ఒకే సభలో ఎదురెదురుగా కూర్చున్నారు. అప్పుడే ఒక కట్టడి పెట్టుకున్నారు. మిషను దగ్గర కౌన్సిల్ మాట ఎత్తకూడదు. ఎవరి ఓటు ఎటని అడగకూడదు, చెప్పకూడదు.

ఇంకొకటి కూడా ఉంది, అది జత. రెండో ఏడాది నీటి పన్ను మీద ఓటింగ్ రోజున కత్తెరమ్మ అత్తగారు పోయింది. ఇంట్లో శవాన్ని పెట్టుకుని మనిషి సభకు ఎలా వస్తుంది? సిస్టరమ్మ లేచి బయటికి వెళ్ళి, క్యాంటీన్లో అందరికీ కనబడేలా కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, ఓటింగ్ అయ్యేదాకా టీ తాగింది. అటు ఒకరు లేరు గనక ఇటు ఒకరు తగ్గాలి. సొంత పార్టీ చీవాట్లు పెట్టింది, పట్టించుకోలేదు. అప్పటినుంచి ఒకరికి బాగాలేకపోతే కబురు చేస్తారు, రెండోవారు వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంటారు. కాగితం లేదు, సంతకం లేదు. పదకొండేళ్ళలో ఐదుసార్లు జరిగింది, ఒక్కసారీ తప్పలేదు.

ఈసారి సిస్టరమ్మ కబురు చెయ్యలేదు. కబురు చేస్తే రోగం పెట్టుకున్న ప్రయోజనమే పోతుంది. అడగకపోతే జత లేదు, అదే లెక్క. అసలు సంగతి కత్తెరమ్మ చెవిన వేస్తే సరిపోయేది. కానీ ఆ నోట్లో నువ్వుగింజ నానదు. ఆసుపత్రి నిలబడుతోందన్న సంతోషంలో పదకొండు లోపే నలుగురికీ చెప్పేస్తుందని భయం. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి. "చెయ్యెత్తే ధైర్యం లేక ముసుగుతన్ని పడుకున్నావా వదినా?" అని ఆవిడ అడుగుతుంది. ఆ ప్రశ్న వినే ఓపిక సిస్టరమ్మకు లేదు.

తొమ్మిదింటికి బయట కారు ఆగింది.

"అత్తా, ఏంటిది? నిన్న సాయంత్రం గుండ్రాయిలా ఉన్నావు కదా!" అంటూ బుడ్డోడు తలుపు తోసుకుని వచ్చి, కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చున్నాడు.

"రాత్రి నుంచి తల తిరుగుతోందిరా. లేస్తే పడిపోయేలా ఉన్నాను."

"ఎత్తుకుని తీసుకెళ్తాను. ఒక్క చెయ్యెత్తు, మళ్ళీ తెచ్చి పడుకోబెడతా."

"అక్కడ పడిపోయాననుకో, చావబోయేదాన్ని ఓటు కోసం ఈడ్చుకొచ్చారని రేపు పేపర్లో రాస్తారు. నీకే చెడ్డపేరు."

ఆ జవాబు ముందే తయారు చేసుకుంది. బాగానే పనిచేసింది. బుడ్డోడు గదంతా కలయజూశాడు. అతని చూపు వంటగది గట్టు మీద ఆగింది. అక్కడ బోర్లించిన పళ్ళెం కింద తడి ఇంకా ఆరలేదు.

"ఏమన్నా తిన్నావా అత్తా?"

"ఎక్కడ తిన్నాను, నీళ్ళే దిగట్లేదు."

"అయ్యో" అన్నాడు. చిన్నగా నవ్వాడు. "సరే, పడుకో. కత్తెరమ్మకి నేను కబురు చేస్తాలే, నీకు బాగాలేదని, జత అడిగావని."

సిస్టరమ్మ దుప్పటి ఇంకాస్త పైకి లాక్కుంది. "ఎందుకులేరా. ఇలాంటి రోజున అడిగితే ఏం బాగుంటుంది? ఆవిడా ఇబ్బంది పడుతుంది."

"పదకొండేళ్ళుగా అడుగుతున్నావు కదా. ఇవాళ అడగకపోతేనే బాగుండదు అత్తా. అందరూ ఏమనుకుంటారు? సిస్టరమ్మకి మనం ఓడిపోవాలనుందేమో అనుకోరూ?" అతను ముందుకు వంగాడు. గొంతులో తేనె కారుతోంది. "నాకు అలాంటి అనుమానం లేదనుకో. అయినా నీ నోటితో చెప్పు. అడగనా, వద్దా?"

వద్దు అంటే అయిపోయేది. ఆసుపత్రి నిలిచేది, కుర్చీ పోయేది. రెండక్షరాల మాట. ముప్పై నాలుగేళ్ళలో ఎంతమంది ఆడవాళ్ళను "భయపడకమ్మా, ధైర్యంగా ఉండు" అని కసిరిందో లెక్కలేదు.

"అడుగు" అంది సిస్టరమ్మ.

అతను వెళ్ళాక ఫోను చేతిలోకి తీసుకుంది. కత్తెరమ్మ నంబరు నొక్కింది, ఒక్కసారి మోగేలోపే ఆపేసింది. ఏమని చెప్పాలి? జత పాటించకు వదినా, నాకు రోగం లేదు, ధైర్యమే లేదు అనాలా? మళ్ళీ నొక్కింది, మళ్ళీ ఆపింది. ఆ తర్వాత ఆవిడకు ఒక ఊరట తోచింది. కత్తెరమ్మ ఈ ఆసుపత్రి కోసం నెలరోజులు దుకాణం మూసి, ఇంటింటికీ తిరిగి నాలుగు వేల సంతకాలు పోగుచేసింది. సొంత కొడుకులిద్దరూ అక్కడే పుట్టారు. అంతటి మనిషి ఇవాళ పోయి క్యాంటీన్లో కూర్చుంటుందా? కూర్చోదు. ఈ ఒక్కసారికి మాట తప్పుతుంది. తప్పితే ఎవరు తప్పు పడతారు? నేనే పట్టను కదా!

అలా అనుకోగానే ప్రాణం కుదుటపడింది. ఫోను దిండు కింద పెట్టి కళ్ళు మూసుకుంది. పదకొండయింది. పదకొండున్నరయింది.

పన్నెండు కొట్టేసరికి బజారు వైపు నుంచి టపాకాయలు పేలాయి. టపాకాయలు కొనిపెట్టుకునే స్తోమత ప్రతిపక్షానికి లేదు. సిస్టరమ్మ లేచి కూర్చుంది. దిండు కింద ఫోను మోగింది.

"గెలిచాం అత్తా! పదమూడూ పన్నెండూ" అన్నాడు బుడ్డోడు. "నీ వదిన బంగారం. లేచి వెళ్ళిపోతుంటే వాళ్ళవాళ్ళు తలుపుకి అడ్డం పడ్డారు, అయినా ఆగలేదు. ఆరోగ్యం జాగ్రత్త అత్తా. ఇప్పుడు తింటావులే."

నాలుగున్నరకు కత్తెరమ్మ వచ్చింది. ఒక చేతిలో బత్తాయిల సంచి, ఇంకో చేతిలో పాల సీసా. భుజం దగ్గర జాకెట్టు కుట్టు విడిపోయింది. ఊరందరికీ కుట్టే మనిషి, తన జాకెట్టు చిరిగితే చూసుకోనైనా లేదు.

"లేవకు, లేవకు" అంటూ వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. "ఎలా ఉంది? డాక్టరేమన్నాడు? మొహం ఇలా పీక్కుపోయిందేంటి?"

"ఫరవాలేదు వదినా. భుజం మీద ఏంటది?"

"మావాళ్ళ ప్రేమ. గుంజారు." కత్తెరమ్మ నవ్వబోయి ఆగిపోయింది. "ఎంతకు అమ్ముడుపోయావని మా నాయకుడు అందరిముందూ అడిగాడు. సంతకాలు పెట్టిన ఆడవాళ్ళు గేటు దగ్గరే ఉన్నారు. ఒకామె నా చేతిలో కాగితాలు లాక్కుని నేలకేసి కొట్టింది. పోయిన నెల వాళ్ళింట్లో మజ్జిగ తాగాను."

సిస్టరమ్మ దుప్పటి అంచు సర్దుకుంది.

"కుర్చీలో కూర్చున్నానా, టీ గొంతు దిగలేదు వదినా. కిటికీలోంచి ఆసుపత్రి కప్పు కనిపిస్తుంది కదా. మా చిన్నోడు గుర్తొచ్చాడు. లేచి పోదామా అనిపించింది. రెండుసార్లు లేచాను కూడా. కానీ మంచంలో పడున్న మనిషి నన్ను నమ్మి కబురు చేస్తే, వెనకనుంచి ఎలా పొడుస్తాను? ఆసుపత్రి కోసం కోర్టుకి పోదాం, రోడ్డు మీద కూర్చుందాం. నీకిచ్చిన మాట పోతే ఎక్కడ వెతుక్కోను?" కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "సరేలే, నా గోల ఎప్పుడూ ఉండేదే. మాత్రలు వేసుకున్నావా?"

"వేసుకున్నా. పొద్దునొకటి, మధ్యాహ్నం ఒకటి."

కత్తెరమ్మ బల్ల మీది అట్ట తీసింది, సాయంత్రం మాత్ర తనే ఇద్దామని. చేతిలో తిప్పింది. పదికి పది గూళ్ళూ ఉబ్బెత్తుగా ఉన్నాయి. ఒక్కటీ చిట్లలేదు. చీకట్లో కూడా హుక్కులు లెక్కపెట్టగల వేళ్ళు ఆవిడవి. ఒక్కో మాత్ర మీదా నెమ్మదిగా వేలు పెట్టి చివరిదాకా వెళ్ళింది. ముప్పై నాలుగేళ్ళ నర్సు అన్నీ గుర్తుపెట్టుకుని అదొక్కటే మర్చిపోయింది.



"నీకు ఒంట్లో బాగానే ఉంది" అంది కత్తెరమ్మ.

సిస్టరమ్మ తల ఊపింది.

"మీవాళ్ళని గెలిపించడానికి నన్ను బయట కూర్చోబెట్టావా?"

"కాదు! ఒట్టు, కాదు వదినా. వాళ్ళు ఓడిపోవాలనే పడుకున్నాను. నేను రాకపోతే సమానమవుతుంది కదా అని. వాడొచ్చి జత అడగనా అన్నాడు. వద్దంటే దొరికిపోతాను. అందుకని..."

కత్తెరమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. వేళ్ళ మీద లెక్కేసుకుంది, పదమూడు, పదమూడు. ఎదుటివాళ్ళు కళ్ళముందే నీళ్ళలో జారిపోతుంటే చూసినట్టుంది ఆవిడ మొహం.

"నాకొక్క ఫోను కొడితే పోయేది."

"రెండుసార్లు చేశాను. ఆపేశాను. ఎలాగూ..." సిస్టరమ్మ ఆగింది. ఆగి ఉంటే బాగుండేది, కానీ నిజం చెబితే తేలికపడతాననుకుంది. "ఎలాగూ నువ్వు వెళ్ళవనుకున్నాను. ఇవాళ్టికి మాట తప్పుతావని నమ్మాను."

 తిట్టి ఉంటే సిస్టరమ్మ కాళ్ళమీద పడేది. ఆ నోరు ఎంత పదునైనదో అంత తొందరగా చల్లారుతుందని ఆవిడకు తెలుసు. కానీ కత్తెరమ్మ తిట్టలేదు.

"పదకొండేళ్ళు నా మిషను పక్కన కూర్చున్నావు" అంది, తనలో తను అనుకుంటున్నట్టు. "నువ్వు నన్ను చూసింది ఇంతేనా?"

మాత్రల అట్ట ఎక్కడిదక్కడ పెట్టింది. పాల సీసా మూత బిగించింది. బత్తాయిలు తీసి పళ్ళెంలో పెట్టి, ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుంది. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ తిరిగి చూడకుండానే అంది. "వెళ్ళొస్తానండీ, కౌన్సిలరు గారూ."

ఆ తర్వాత మూడు వారాలు సిస్టరమ్మ ఒక్కటే కాచుకుంది. ఆ నోట్లోంచి సంగతి ఎప్పుడు బయటపడుతుందా అని. పడలేదు. ప్రతిపక్షం కత్తెరమ్మను ఉపనాయకురాలి పదవి నుంచి తీసేసి చివరి బెంచీకి పంపింది. స్కూలు యూనిఫారాలు వేరే దుకాణానికి పోయాయి. అమ్ముడుపోయిందని గోడల మీద రాశారు. "నర్సుది దొంగరోగం, ఆవిడ నన్ను ముంచింది" అని ఒక్కమాట అంటే సగం మచ్చ పోయేది. ఆవిడ అనలేదు. దుకాణం ముందు నుంచి సిస్టరమ్మ రెండుసార్లు నడిచింది. రెండుసార్లూ మిషను ఆగకుండా తిరుగుతూనే ఉంది.

తర్వాతి సమావేశం నాటికి ఆసుపత్రి ముందు గోడ కూల్చేశారు. సభలో కూర్చుంటే యంత్రాల చప్పుడు వినబడుతోంది. బుడ్డోడు లేచి గొంతు సవరించుకున్నాడు.

"అధ్యక్షా, మా అత్తలాంటి సిస్టరమ్మగారు ప్రాణం మీదికి వచ్చిన వేళలో కూడా పార్టీ గెలుపునే తలచుకున్నారు. మంచంలోంచే జత అడిగి తీర్మానాన్ని నిలబెట్టారు. ఆమెను అభినందిస్తూ, కొత్త సముదాయం శిలాఫలకం మీద మొదటి పేరు ఆమెదే ఉండాలని ప్రతిపాదిస్తున్నాను."

బల్లలు చరిచారు. అధికార పక్షం చేతులు లేచాయి. ప్రతిపక్షం కదల్లేదు. అప్పుడు చివరి బెంచీలో కత్తెరమ్మ లేచి నిలబడింది.  ఆవిడ మాట్లాడి నెల కావస్తోంది. సిస్టరమ్మ బల్ల అంచు పట్టుకుంది.

"అధ్యక్షా, నేను బలపరుస్తున్నాను" అంది కత్తెరమ్మ. గొంతులో వెటకారం లేదు, వణుకు లేదు. "గౌరవ సభ్యురాలు ఆ ఆసుపత్రికి ఏం చేశారో నాకు తెలిసినంతగా ఇక్కడ ఎవరికీ తెలియదు. మొదటి పేరు వారిదే ఉండాలి."

చెయ్యెత్తింది. అధ్యక్షుడు లెక్కపెట్టి, గుమాస్తా రాసుకునేదాకా దించలేదు. బుడ్డోడు వెనక్కి తిరిగి సిస్టరమ్మను చూసి నవ్వాడు.

"సభ్యురాలు రెండు మాటలు మాట్లాడతారు" అన్నాడు అధ్యక్షుడు.

సిస్టరమ్మ లేచింది. ఈసారి తల నిజంగానే తిరిగింది. అవతల చివరి బెంచీలో కత్తెరమ్మ చేతులు కట్టుకుని, మొదటిసారి కౌన్సిల్‌కు వచ్చిన మనిషిని చూస్తున్నట్టు ఆవిడనే చూస్తోంది.

"అందరికీ ధన్యవాదాలు" అంది సిస్టరమ్మ. గుమాస్తా అది కూడా రాసుకున్నాడు.